నలుపు మీద నలుపు

సాబేరా ఇంట్లో మంచం ఉండేది గానీ, దాని మీద ఎవరైనా పడుకోగా నేను చూడలేదు. పరుపు తీసి గోడకు ఆనించి, ఖాళీ చట్రానికి నల్ల గుడ్డను దారాలతో బిగించి కట్టేది. అటు తను, ఇటు పెద్దకూతురు ముబష్షిరా, కింద కూర్చుని పూసలు ఏరిచ్చే చిన్నది ఆయేషా. మంచమే మగ్గమైపోయాక మనుషులు నేల మీద పడుకోక ఏం చేస్తారు? కదిరిలో వాళ్ళమ్మ ఇంట్లోనూ ఇంతేనట. చిన్నపిల్లగా ఉన్నప్పుడే చీరల మీద పూసలు కుట్టడానికి కూర్చోబెట్టారట. బడి మొహం చూడలేదని నవ్వుతూ చెప్పేది, ఏదో పెళ్ళికి వెళ్ళడం కుదరలేదన్నట్టు.

మాది ధర్మవరం. రియాద్‌లో బత్‌హా బజారు వెనక సందులో వాళ్ళ తలుపుకు ఎదురు తలుపు మాది. సాబేరా భర్త అల్లాబకాష్ ఒక కంపెనీలో బస్సు డ్రైవరు. మంచివాడు, నెమ్మదస్తుడు, ఇంట్లో ఏం జరుగుతున్నా పట్టనట్టు టీ తాగుతూ కూర్చునే రకం. ఇక్కడ పెళ్ళాం పిల్లలను దగ్గర ఉంచుకోవాలంటే సర్కారుకు తలకింతని లెవీ కట్టాలి. అది కట్టకపోతే ఇఖామా రెన్యువల్ కాదు, ఇఖామా లేకపోతే దేశంలో ఉండడానికి లేదు. కట్టలేనివాళ్ళు సంసారాన్ని ఊరికి పంపించేసి పదిమందితో ఒక గదిలో సర్దుకుంటారు. సాబేరా మాత్రం ససేమిరా అంది. పెళ్ళయిన కొత్తలో ఏళ్ళ తరబడి ఫోన్లోనే కాపురం చేసిందట. ఇంక చచ్చినా చెయ్యనంది.

అందుకని ఈ పని. అంటే పిల్లలు నాన్న దగ్గర ఉండడానికి పిల్లలే సంపాదించి కట్టాలన్నమాట. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, వాళ్ళ నోట్లో మట్టి పడ అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఇష్తియాక్ అని ఒకతను, ఇక్కడి ఆడవాళ్ళు బట్టల పైన వేసుకునే నల్ల అబాయాల దుకాణాలకు పని చేయించి ఇస్తాడు. కత్తిరించిన అబాయా చేతులు పెద్ద సంచిలో తెచ్చి పడేస్తాడు, కుట్టాక తీసుకుపోతాడు. భర్త వీసా మీద వచ్చిన ఆడది పని చేయకూడదు కాబట్టి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల నల్ల గుడ్డ మీద నల్ల పూసలు, నల్ల దారంతో. ట్యూబులైటు కింద నేను కాసేపు చూస్తేనే నా కళ్ళు బైర్లు కమ్మేవి.

"మా ముబష్షిరా కండ్లు మూసుకోని కుడ్తాది, సూడక్కా" అని సాబేరా మురిసిపోయేది. నిజమే. ఆ పిల్ల గుడ్డ వైపు చూసేదే కాదు. వేలితో తడుముకుంటూ పూస తర్వాత పూస, తీగ తర్వాత తీగ కుట్టుకుంటూ పోయేది. చేతి మహిమ అనుకున్నారంతా. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పొద్దున్నే సుర్మా పెట్టేది వాళ్ళమ్మ.

స్కూలు నుంచి మాత్రం ఎప్పుడూ ఫిర్యాదే. బోర్డు మీద రాసింది గడగడా చదువుతుందట, పుస్తకం చేతికిస్తే నోరు పెగలదట. "దానికి సదువు రాదక్కా. ఈ ఏడు పరీచ్చలైతానే పేరు తీసేయిస్తా" అంది సాబేరా.

అప్పుడే ఇష్తియాక్ కొత్త డిజైను తెచ్చాడు. పాత తీగలు కాదు, పావురాల రెక్కల్లాంటివేవో, సుద్దతో సన్నగా గీసి ఉన్నాయి. ముబష్షిరా కుట్టినవన్నీ గీత తప్పాయి. ఇష్తియాక్ మొత్తం సంచి వెనక్కి తెచ్చి గుమ్మంలో విసిరేశాడు. ఆ సాయంత్రం పిల్ల ఏడుపు విని నేను వెళ్ళేసరికి సాబేరా చేతిలో చపాతీ కర్ర ఉంది. దాన్ని లాక్కుని, పిల్లను దగ్గరికి తీసుకుని, గీత ఎక్కడుందో చూపించమన్నాను. అది గుడ్డంతా వేలితో తడుముతోంది.

"కనపడ్లేదా?"

"మసగ్గా ఉంటాది ఆంటీ. దగ్గర పెట్టినవన్నీ అట్లే ఉంటాయి. అందరికీ అంతే అనుకున్నా."

ఇన్నాళ్ళూ ఆ పిల్ల కళ్ళు మూసుకుని కుట్టింది నేర్పుతో కాదు, తెరిచినా ఒకటే కాబట్టి. పుస్తకం చదవనిదీ అందుకే.

"అద్దాలు పెట్టిస్తాను. పుస్తకం చదివితే బడి మానిపించవు కదా?" అని సాబేరాను నిలదీశాను.

"సదివితే యాల మానిపిస్తానక్కా? నేనేమన్నా రాచ్చసినా? అల్లా తోడు, మానిపియ్యను."

మర్నాడే మలయాళీ వాళ్ళ అద్దాల షాపుకు తీసుకెళ్ళాను. పుట్టుకతోనే దగ్గరి చూపు సరిగా లేదనీ, ఇంత సన్నపు పని చేయిస్తే కళ్ళు ఇంకెంత అలసిపోతాయనీ అక్కడి డాక్టరు నన్ను కోప్పడ్డాడు. నేనే తల్లిననుకున్నాడు. పడ్డాను. కళ్ళజోడు పెట్టుకున్న రోజు ముబష్షిరా కనపడినదల్లా చదివింది. బిస్కెట్ పొట్లం మీది సన్న అక్షరాలు, దగ్గు మందు సీసా, మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు. పిచ్చిదానిలా నవ్వుకుంటూ ఇల్లంతా తిరిగింది. పరీక్షలు బాగా రాసింది. తెలుగు వాచకం తెచ్చి నాకు చదివి వినిపించింది. నా కడుపు నిండిపోయింది.

ఆ సెలవుల్లోనే దాని కుట్టు చూసి ఇష్తియాక్ నోరు తెరిచాడు. "యే కిస్‌కా హాథ్ హై?" అన్నాడు. ఎవరి చెయ్యో తెలిశాక పెళ్ళికూతుళ్ళ అబాయాలు తేవడం మొదలుపెట్టాడు. వాటి కూలి వేరు. మళ్ళీ బడి తెరిచినప్పుడు ముబష్షిరా వెళ్ళలేదు.

నేను మండిపడుతూ వెళ్ళాను. "అల్లా తోడన్నావు కదే!"

సాబేరా సూది ఆపలేదు. "నా కష్టం అల్లాకు తెల్సులే అక్కా, నీకే తెల్దు. ఇఖామాల టైమొచ్చింది. ఊరికి పోతే దానికి బడి ఉంటాది, నాయన ఉండడు. ఈడుంటే నాయన ఉంటాడు, బడి ఉండదు. ఏది కావాల్నో దాన్నే అడుగు."

అంత చిన్నపిల్లను అడిగే మాటా అది? నేను అడగలేదు. అదే తల వంచుకుని చెప్పింది. "అబ్బానే కావాలాంటీ."

అల్లాబకాష్ అక్కడే టీ తాగుతున్నాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. అతన్ని తిట్టడానికి తెరిచిన నోరు, అతని మొహం చూసి మూసేశాను. సాబేరా మీద మాత్రం నా కోపం చల్లారలేదు. తనకు జరిగిన అన్యాయాన్నే చేతి విద్యలాగా కూతురికి అప్పజెప్పింది. అంతకన్నా ఎక్కువ కోపం నా మీదే వస్తోంది. నేను పెట్టించిన అద్దాలే దాన్ని ఆ మంచానికి కట్టేశాయి.

బడి లేకపోతేనేం, చదువుకోనీ అని మొన్న ఒక కథల పుస్తకం తీసుకెళ్ళాను. సాబేరా బజారుకు వెళ్ళింది. ముబష్షిరా చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. దూరంగా పట్టుకుంది, ఇంకా దూరం చాచింది, కళ్ళు చికిలించింది.

"కండ్లద్దాలు ఏవే?"

"అమ్మ పెట్టెలో పెట్టి బీగం ఏసింది ఆంటీ. గీతలు పడితే పని సెడ్తాదంట. కుట్టేకి కూచున్నప్పుడే ఇస్తాది."

పుస్తకాన్ని జాగ్రత్తగా మూసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే సదివి సెప్పు ఆంటీ" అంది.