పాటలో ఆగిన మిల్లు

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో పుట్టినవాళ్లు మిల్లు హోరునే నిశ్శబ్దం అనుకుంటారు. సీజనులో అది పగలూ రాత్రీ ఆగదు. కరెంటు పోతే మిల్లుతో పాటు ఇళ్లల్లో ఫ్యాన్లూ ఆగుతాయి, దానికెవరూ కంగారుపడరు. ఫ్యాను తిరుగుతుండగా మిల్లు ఒక్కటే ఆగిందంటే మాత్రం, ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ వీధిలోకి వస్తారు. మాటలుండవు. కబురుతో గేటులోంచి వచ్చే మనిషి ఎవరింటి వైపు నడుస్తాడోనని చూస్తూ నిలబడతారు.

సంతోషి ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ మనిషి వాళ్లింటి వైపే నడిచి వచ్చాడు. ఆమె తండ్రి రాజారత్నాన్ని మిల్లు బెల్టు లాక్కుపోయింది. ఆ ఏడాదితోనే ఆమె చదువు ఆగింది, కుట్టుమిషను ముందు కూర్చుంది. నలుగురిలో నోరు విప్పదు గాని, జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి ముఖం చూసి ఆ ఇంట్లో పొద్దున ఏం జరిగిందో పోల్చుకుంటుంది. తమ్ముడు అఖిల్ నిరుడు అదే మిల్లులో పనికి కుదిరాక, మిషను తొక్కుతున్నా ఆమె చెవి ఒకటి మిల్లు మీదే ఉంటోంది.

క్రిస్మస్‌కు వీధి వీధీ తిరిగి పాడే గుంపులో రాజారత్నానిదే ముందు గొంతు. ఒకసారి ఆయన ఇంట్లో పాడుతుంటే సంతోషి ఫోనులో రికార్డు చేసింది. పాట చివర ఆయన ఆమెతో ఏదో అన్నాడు. ఆ మాట మిల్లు హోరులో కలిసిపోయి ఎన్నిసార్లు విన్నా తెలియలేదు. అది వినడానికే హెడ్‌ఫోన్లు కొనాలనుకుంది.

స్టేషను దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం సుమంత్‌ది. కోదాడ వాడు, మాటకారి. ఉన్నవాటిలో చవకవి రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి వెనక పూర్తిగా మూసింది. రెండోదానికి వెనక జాలీ ఉంది, లోపలి పాట కొంచెం బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకు జాలీదే హాయిగా ఉంటుందని, చెవులు ఉడకవని చెప్పాడు. ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని దాన్ని పక్కకు నెట్టేశాడు.

“మిల్లు పక్కనైతే మూసిందే తీసుకోండి. ఇది పెట్టుకుంటే మిల్లున్న సంగతే మర్చిపోతారు.”

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అయినా నాన్న మాట వినాలన్న ఆశ గెలిచింది.

మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మిల్లు పోయింది. పుట్టాక మొదటిసారి చుట్టూ ఏ చప్పుడూ లేదు. నూతిలో తల పెట్టినట్టయింది. తర్వాత పాట మొదలైంది. నాన్న గొంతు కింద అప్పటి మిల్లు సన్నగా హోరుమంటోంది. పాట అయింది. అప్పుడు ఆ హోరు టక్కున ఆగింది. ఆ ఖాళీలో నాన్న, చెవి పక్కనే కూర్చున్నట్టు అన్నాడు:

“ఆపు బిడ్డా. మిల్లు ఆగింది.”

పాట పాడిన రోజు మిల్లు ఆగలేదు. ఆమెకు బాగా గుర్తు. హెడ్‌ఫోన్లు లాగేసింది. బయట మిల్లు మామూలుగానే ఆడుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆమెకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. చెప్పులైనా వేసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తింది.

వాచ్‌మన్ మల్సూర్ ఆమె గొంతు వినడమే అరుదు. తమ్ముణ్ని పిలవమంటే నవ్వాడు. “ఏం బిడ్డా, తమ్మునికి పాలసీసా తెచ్చినవా?” అని, లోపలికి కేక వేశాడు.

అఖిల్ లారీల వడ్లు దించే గుంతలో ఉన్నాడు. అడుగున గడ్డకట్టిన వడ్లను పారతో కదిలిస్తున్నాడు. ఒళ్లంతా దుమ్ముతో, విసుక్కుంటూ వచ్చాడు.

“గీడికెందుకొచ్చినవ్ అక్కా? అందరు సూస్తున్నరు.”

ఆమె అతని చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. లోపల వాన కురిసినట్టు చప్పుడైంది. పక్కన పోసిన వడ్ల కుప్ప మొత్తం జారి గుంతను నింపేసింది. అఖిల్ అందులో వదిలి వచ్చిన పార కర్ర కొన కూడా కనపడలేదు. ఎవరో అరిచారు. మిల్లు ఆగింది.

వీధిలో అన్ని తలుపుల ముందూ మనుషులు నిలబడ్డారు. ఇళ్లల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కలిసి నడిచి వస్తుంటే వాళ్లెవరూ కదలలేదు.

ఇంటికి వచ్చాక అఖిల్ ఆ పాట విన్నాడు. చివరిదాకా మిల్లు ఆడుతూనే ఉందన్నాడు.

“నాయన ‘ఇగ చాలు బిడ్డా, ఆపు’ అన్నడు. గంతే అక్కా.”

ఆమె మళ్లీ పెట్టుకుని చూడలేదు. మర్నాడు సుమంత్ దగ్గరికి వెళ్లి జాలీదానికి మార్చుకుంది. అతను కారణం అడిగాడు. చెవులు ఉడుకుతున్నాయని చెప్పింది.

అఖిల్ ఇంకా ఆ మిల్లుకే పోతున్నాడు. సంతోషి ఇప్పుడు జాకెట్లు కుడుతూ నాన్న పాట వింటుంది. జాలీలోంచి మిల్లు వస్తుంది, పాట కింద పాత మిల్లు కూడా ఉంటుంది. ఏది ఏదో తెలియదు. పాట అయిపోవచ్చిందనగానే హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. ఒళ్లోంచి నాన్న సన్నగా ఏదో అంటాడు. అప్పుడు మిషను ఆపి, ముందు ఫ్యాను వైపు చూస్తుంది. తర్వాత మిల్లు వింటుంది.