జౌజమ్మ పేరు మీద బియ్యం

పొద్దున బస్సుల కూసుంటే ఫోన్ మల్ల మొరాయించింది, జాగ లేదు, ఫొటోలు తీసెయ్యి అని. చిరాకుల టకటక తీసేసుకుంట పోతుంటే ఒకదాని కాడ నా వేలు ఆగింది. పసుపచ్చ కాయితం, ఉర్దూ రాత, దాని మీద మా నాయినమ్మ బొటనేలు.

నాకు కొత్తగ నౌకరి దొరికిన యేడు అది. పుట్టి పెరిగింది హైదరాబాద్లనే గని, పండుగలకు జహీరాబాద్ల చిన్నాయన ఇంటికి పోతుంటిమి, నాయినమ్మ ఆడనే ఉంటుండె. పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే నాడు, అందరి పేర్లు గడగడ చెప్పిన నాయినమ్మ, తన అవ్వ కాడికొచ్చేసరికి ఆగింది. పసిగుడ్డప్పుడే తల్లి పోయిందంట, సవతితల్లి ఇంట్ల ఆ పేరు ఎత్తేటోళ్లే లేరంట. పేరు చెప్పమ్మా అని అయ్యగారు రెండోసారి అడిగితే, "అవ్వ అనుకో అయ్యా, గంతే," అన్నది. ఆమె మొకం చూసి నాకు ఎందుకో అయ్యగారి మీద మస్తు కోపమొచ్చింది. ఐదు నిమిషాలల్ల ఫోన్ల దొరకబట్టి చెప్త అని అందరి ముంగట అనేసిన.

పదకొండు నెలలు పట్టింది. ఫోన్ల భూమి రికార్డులు ఎతికితే ఇప్పటి పట్టాదార్లే ఉన్నరు. నాయినమ్మ అవ్వకు పుట్టింటోళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన న్యాల్‌కల్ దిక్కు రెండెకరాలు ఎన్నడో చేతులు మారినయి. గని భూమి ఆమె పేరు మీదనే ఉండె గాబట్టి పాత పహాణీల, అంటే ఏ భూమి ఎవరిదని రాసే సర్కారు కాయితాలల్ల, దొరుకుతదని చిన్నాయన అన్నడు. సెలవు దొరికినప్పుడల్లా రికార్డు రూం సుట్టు తిరిగిన, ఆడి గుమస్తాతోని గట్టిగ కొట్లాడిన, ఆఖరికి తెలుగుల రాసిన నకలు చేతికొచ్చింది. పట్టాదారు పేరు కాడ జర ఖాళీ, తర్వాత "జౌజె మాణికప్ప". మాణికప్ప నాయినమ్మ తండ్రి. ఇంకేం గావాలె? ఆడికెల్లే ఫోన్ కొట్టి, మీ అవ్వ పేరు జౌజె అని ఒర్లిన.

"గిదేం పేరే పిల్లా, ఎన్నడు ఇనలే," అన్నది గని, సాయంత్రానికి జౌజమ్మ అని సొంతం చేసుకున్నది. గల్లీల అందరికి చెప్పింది, కూరగాయలామెకు గుడ చెప్పింది. నేను స్టేటస్ పెట్టిన.

రెండు వారాలకు, నేను చిన్నాయన ఇంట్ల ఉన్నప్పుడే, పక్కింటి ఉర్దూ సారుకు గుడ చెప్పింది. ఆయన నవ్వాపుకుంట నకలు చూసిండు. "బేటా, జౌజె అంటే పెండ్లాం. మాణికప్ప పెండ్లాం అని రాసిన్రు." నేను ఊకుంటనా, మీకేం తెలుసు సార్ అని ఎగిరిన. ఆయన కోపానికి రాలే. పేరు ఆ ఖాళీల ఉండాలె, నకలు రాసినాయనకు చదవరాక ఇడిసినట్టున్నడు, అసలు కాయితం చూద్దాం పా అన్నడు.

ముగ్గురం పోయినం. నేను అలవాటు కొద్ది ఎడమ దిక్కుకెల్లి చూస్తున్న. సారు కుడి దిక్కుకెల్లి వేలు జరుపుకుంట వచ్చి, అద్దాలు సర్దుకొని, చంద్రమ్మ అన్నడు. నాయినమ్మకు చదువు రాదు. ఏదీ, ఏ గీత అని అడిగి, ఆ గీత మీద బొటనేలు పెట్టింది, ఇగ తియ్యదు. "వేలు తియ్యమ్మా, సిరా పోతది," అని గుమస్తా కసిరితే నేను బెంచీ మీదికెల్లి లేవబోయిన. ఇంకో చేత్తోని నన్ను గూసోబెట్టి, "జర ఉండనియ్యి బిడ్డా, ఇప్పుడే దొరికింది," అని ఆయనకు చెప్పింది. నేను ఫొటో కొట్టిన.

వారానికే పెత్రమాస. చంద్రమ్మ అని నాయినమ్మ అన్నది గల్లీ చివరిదాక ఇనొచ్చింది. అయ్యగారు లేవబోతుంటే ఇంకో చేటెడు బియ్యం ముంగట పెట్టింది. ఇది ఎవరికమ్మా అంటే, జౌజమ్మకు అన్నది. అసలు అట్లాంటి మనిషే లేదు నాయినమ్మా అని నేను నెత్తి కొట్టుకుంటే, "ఇన్ని దినాలు అవ్వా అని పిలిచిన. ఇయ్యాల నువ్వు లేవు పో అంటనా?" అన్నది.

నాయినమ్మ పోయి రెండేండ్లయింది. మా ఇంట్ల ఇప్పుడు ఆమె పేరు, చంద్రమ్మ పేరు చెప్పినంక, ఎన్నడూ పుట్టని జౌజమ్మకు గుడ బియ్యం పోతయి. ఇప్పుడు పాత పహాణీలు గుడ ఫోన్లకు ఎక్కినయి, ఏ సర్వే నెంబర్ కొట్టినా అర నిమిషంల అప్పటి పట్టాదారు పేరు వస్తది, ఎవ్వరితోని కొట్లాడే పని లేదు, ఏ సారునూ ఎంట తీసుకపోయే పని లేదు. మంచిదే గని, ఆ బెంచీ మీద నన్ను గూసోబెట్టిన చెయ్యి యాదికొస్తది.

ఫొటో పెద్దగ చేసి చూసిన. చంద్రమ్మ కనిపియ్యదు, పేరు మీద వేలున్నది. ఇంకెవలన్న చూస్తే పాడైన ఫొటో అంటరు. దాన్ని ఉంచి, నావి నలభై సెల్ఫీలు తీసేసిన.