కుట్లున్న భుజం మీద బస్తా

మిర్యాలగూడ రైస్‌మిల్లులో పద్దెనిమిదేళ్లు బస్తాలు మోశాను. ఆరో తరగతిలో నేను బడి మానేసినప్పుడు మా సారు, పుస్తకాల సంచే మోయలేనివాడివి జీవితంలో ఏం మోస్తావురా అన్నారు. ఆయన మళ్లీ కనపడలేదు. కనపడితే ఒకసారి లారీ దగ్గరికి తీసుకెళ్లి చూపించాలని ఉండేది.

కుడి భుజం మీద, మెడ మొదట్లో, సరిగ్గా బస్తా కూర్చునే చోట ఒక కొవ్వు గడ్డ లేచింది. మొదట రేగ్గాయంత, తర్వాత నిమ్మకాయంత. మా హమాలీల ముఠాలో మిగతా పదకొండు మంది భుజాన తువ్వాలు మడిచి వేసుకునేవారు. నాకు మాత్రం దేవుడు మెత్త కుట్టి పంపాడని చెప్పుకునేవాణ్ణి. గడ్డ నలిగి వాచేసరికి ఆ జోకు పాతబడింది.

సూర్యాపేటలో డాక్టరు అరగంటలో తీసేసి ఆరు కుట్లు వేశారు. చెడ్డ గడ్డ కాదు, భయం లేదన్నారు. కట్టు తడవకూడదు, రోజు విడిచి రోజు మార్చాలి, పద్నాలుగో రోజు కుట్లు విప్పుతాం, నెల దాకా బరువెత్తకూడదు అన్నారు. చుట్టూ చర్మానికి కొన్నాళ్లు స్పర్శ ఉండదని కూడా చెప్పారు. అన్నిటికీ తలూపాను. నెల అన్నచోట మాత్రం నా తల ఆగిపోయింది.

ఎందుకంటే మా ముఠాకు ఒక పద్ధతి ఉంది. ఒకడు మంచాన పడితే పది రోజులు అతని వంతు మిగతావాళ్లు మోస్తారు. పదకొండో రోజు మేస్త్రి కొత్త మనిషిని తెస్తాడు. తెచ్చాక పాతవాడు తిరిగొచ్చినా కొత్తవాణ్ణి పొమ్మనరు. అలా జాగా పోయినవాళ్లను ఇద్దరిని నేనే చూశాను. వాళ్ల మీద జోకులు కూడా వేశాను.

ఇంట్లో ఉంటే మిల్లు వైపు నడుస్తానని మా ఆవిడ నన్ను కోదాడలో వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అత్తమ్మ పథ్యం మొదలుపెట్టింది. వంకాయ తింటే చీము పడుతుందట, పప్పు తిన్నా పడుతుందట, గుడ్డయితే ఇక చెప్పక్కర్లేదట. డాక్టరు గుడ్డు తినమన్నాడంటే, పుండు ఆయనది కాదుగా అంది. చారన్నం తింటూ గోడ వైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుని, పాత గాజుగుడ్డను సెలైన్ నీళ్లతో తడిపి, మెల్లగా ఊడదీసేది. కుట్టు సన్నగా, పొడిగా ఉందని చెప్పేది. నాకేమీ తెలిసేది కాదు. ఆమె వేలు తగిలినా పక్కింటి తలుపు ఎవరో తట్టినట్టుండేది. నొప్పి లేదంటే మానిందనే మా హమాలీల లెక్క.

పదో రోజు పొద్దున్నే మందులు తెచ్చుకుంటానని ఆమెకు చెప్పి, హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కి మిల్లుకు వచ్చేశాను.

జబ్బు చేసి వచ్చినవాణ్ణి మా దగ్గర ఎవరూ కాగితాలు అడగరు. మేస్త్రి బొటనవేలితో నొక్కి మొహం చూస్తాడు. మొహం మారితే ఇంటికి, మారకపోతే లారీకి. కుట్ల పక్కనే, అంగీ మీంచి గట్టిగా నొక్కాడు.

"నొస్తదా?"

"నొక్కుడు షురూ చేసినప్పుడు చెప్పు మేస్త్రీ."

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, పో అన్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే నొప్పి లేదు.

మూడో బస్తాకు వీపు మీద వెచ్చగా ఏదో కారింది. చెమట అనుకున్నాను. నాలుగోదానికి వంగబోతుంటే నా వెనక నడిచేవాడు ఆపాడు. నేనొక జోకు వేస్తే రెండు వేసే మనిషి అతను. ఆ రోజు మెల్లగా, "అన్నా, ఆగు. అంగీ సూస్కో" అన్నాడంతే.

మూడు కుట్లు తెగి గాయం నోరు తెరిచింది. సూర్యాపేట డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్లీ కుట్టకూడదు, లోపలి నుంచి అదే పూడాలి, రోజూ కడిగి తడి గాజుగుడ్డ వదులుగా నింపాలి, నెలన్నర పట్టొచ్చు అన్నారు. కబురంది కోదాడ నుంచి వచ్చిన మా ఆవిడకు అక్కడి సిస్టరమ్మ ఆ పని నేర్పింది. మరునాడు మా ఇంట్లో గాయంలోకి గుడ్డ పెడుతూ అడిగింది.

"నొస్తుందా?"

"లేదు."

"నీకెప్పుడు నొచ్చింది? మీ అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లనే, వచ్చినోళ్లందర్నీ నవ్విచ్చుకుంటా కూర్చున్నవ్."

భుజం ఆమెకు అందేలా ఇంకాస్త వంచాను. ఆమె మిగిలిన గుడ్డ నింపి, పైన కట్టు వేసింది.

ఆ సాయంత్రం నా వెనక నడిచేవాడు ఫోన్ చేశాడు. మోతె నుంచి కొత్త మనిషి వచ్చాడట. మంచోడేనట. మంచిదేలే అని ఫోన్ పెట్టేశాను. తర్వాత అన్నం తిన్నాను. ఎప్పుడూ తినేంతే తిన్నాను.

ఏడు వారాలు పట్టింది. బొటనవేలు పట్టే గుంత శనగగింజంత అయింది, తర్వాత అదీ లేదు. వాళ్లమ్మకు చెప్పకుండా మా ఆవిడ రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. రోజూ అదే ప్రశ్న అడిగేది, నేను అదే మాట చెప్పేవాణ్ణి.

గాయం మానాక మిల్లుకు వెళ్లాను. మేస్త్రి చాయ్ తెప్పించాడు. తాగడం అయ్యేదాకా మామూలు మాటలే మాట్లాడాడు. తర్వాత నా మొహం చూడకుండా చెప్పాడు.

"నీ జాగల మనిషున్నడు. పొమ్మనలేను. కుట్టుకాడ కూసుంటవా?"

కుట్టుకాడ అంటే నింపిన బస్తాల మూతులను దబ్బనంతో, సుతిలి దారంతో కుట్టేచోటు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ కూర్చుంటారు. సరే అన్నాను. వెళితే ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చి, దబ్బనం చేతిలో పెట్టింది.

మొదటి బస్తా కుట్టడానికి చాలాసేపు పట్టింది. వంకరగా వచ్చింది. దాన్ని ఇద్దరు పట్టి కొత్తవాడి కుడి భుజం మీదికి ఎత్తారు. అతను చెక్క మీదుగా లారీలోకి ఎక్కిపోయాడు. జోకేమైనా వేయాలనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. అనిపించలేదు. ఇంకో బస్తా మూతి నా వైపు లాక్కున్నాను.