దసరా ఫోటోకు వెడల్పు లెన్సు

ఎల్లారెడ్డిలో హనుమాండ్లు ఇంట్లో ఏటేటా దసరా నాడు, జమ్మికి బయలుదేరే ముందు, వాకిట్లో ఒక ఫోటో దిగాలి. అన్నదమ్ములు ముగ్గురు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, పిల్లాజెల్లా అందరూ కొత్తబట్టలతో నిలబడాలి. దాన్ని పెద్దగా అచ్చు వేయించి, పటం కట్టించి, ముందరి గదిలో పాత పటాల వరుసన తగిలించాలి. వచ్చినవాళ్లు మెడలెత్తి చూడాలి, హనుమాండ్లు మీసం సవరించుకోవాలి. ఇదీ ఆ ఇంటి మర్యాద. ఆ వరుసలో ఏ ఒక్క పటంలోనూ గౌరవ్వ లేదు.

గౌరవ్వ హనుమాండ్లుకు సొంత చెల్లెలు. మొగుడు ఇంకొకతెను తెచ్చుకుని వెళ్లగొడితే పడుచుతనంలోనే పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచీ బీడీలు చుడుతూ, ఇంటెడు చాకిరీ చేస్తూ, తల్లి లేని మేనల్లుడు, హనుమాండ్లు కొడుకు సతీశ్‌ను చంకన వేసుకుని పెంచింది. ఫోటో వేళకు మాత్రం ఆమె పొయ్యి దగ్గరే ఉంటుంది. అందరూ ఫోటోలో పట్టడం లేదంటాడు హనుమాండ్లు. ఎవరో ఒకరు తగ్గాలి కదా, ఆ ఒకరు ఎప్పుడూ గౌరవ్వే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్నేళ్లూ నింద కెమెరా మీద పడుతూ వచ్చింది. పిచ్చిది, ఆమె కూడా నమ్మింది.

సతీశ్ అంతకన్నా నమ్మాడు. కామారెడ్డిలో ఎరువుల దుకాణంలో గుమాస్తా పని అతనిది, పిచ్చి మాత్రం ఫోటోలది. సెలవు దొరికితే చాలు, పోచారం చెరువుకు పోయి, అలుగు మీంచి మత్తడి దుంకే నీళ్లను ఫోటోలు తీసుకుంటూ కూచుంటాడు. అతని పాత కెమెరాకు ఉన్న లెన్సు చూపు ఇరుకు. వాకిలి అంతకన్నా ఇరుకు. నాలుగడుగులు వెనక్కి జరుగుదామంటే ఎదురింటి అజీముద్దీన్ గోడ వీపుకు తగులుతుంది. ఫోన్లో వెడల్పుగా తీయొచ్చు గానీ, పొద్దుగూకే వేళ మొహాలు పిండిముద్దలవుతాయి, గోడకు వేసేంత పెద్ద అచ్చుకు పనికిరావు. ఇక మిగిలింది వెడల్పు లెన్సు ఒక్కటే. అది ఉంటే అత్త ఫోటోలో పడుతుంది. మత్తడి కోసమని స్నేహితులకు చెప్పాడు గానీ, అతని మనసులో ఉన్నది ఇదే.

కొత్తది కొనాలంటే అతని జీతం చాలదు. కామారెడ్డిలో స్వామిదాసు అనే పాత స్టూడియో ఆయన వాడిన లెన్సులు అమ్ముతాడని తెలిసి, ఎరువుల దుకాణం మూసినప్పుడల్లా అక్కడ చేరాడు. ఉన్న లెన్సుకే ముందు తగిలించే చవక అద్దం ఒకటి అడిగితే, స్వామిదాసే బిగించి ఒక ఫోటో తీసి చూపించాడు. నడుమ బాగానే ఉంది, పక్కలన్నీ తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. ఇంకొకటి కొత్తదే, ధర కూడా అందుబాటులోనే ఉంది, కానీ చేత్తో తిప్పుకుంటేనే బొమ్మ తేటపడుతుంది. అది తేటపడేదాకా ఆ ఇంటి పిల్లలు నిలబడితే కదా! చివరికి రబ్బరు వదులైన పాత లెన్సు ఒకటి చేతికి వచ్చింది. స్వామిదాసు టార్చి వేసి లోపల చూపించి, దుమ్ముంటే పరవాలేదు, బూజుంటేనే ముట్టుకోవద్దన్నాడు. బూజు లేదు. డబ్బు తీసుకునే ముందు ఒక మాట కూడా చెప్పాడు.

"అంచుల నిలబడ్డోళ్ల మొకాలు సాగుతయి తమ్మీ. రెండు దిక్కుల జాగ ఇడిచిపెట్టి, మనుషుల్ని నడుమకు జరుపు."

ఇంట్లో మిక్సీ కాలిపోయి మూలన పడి ఉంటే ఈయనగారికి అద్దాలు కావాల్సి వచ్చాయని భార్య సుష్మిత సాధించింది. తక్కువ పడ్డ డబ్బు గౌరవ్వ కొంగుముడి విప్పి ఇచ్చింది. బీడీలు చుట్టి దాచుకున్నది. "తీసుకో కొడుకా, ఈయేడు అందరం పడ్తం" అంది. ఆ మాటకు సతీశ్ కడుపు నిండిపోయింది.

దసరా రానే వచ్చింది. సతీశ్ అజీముద్దీన్ ఇంటి గోడకు ఆనించి స్టాండు నిలబెట్టి కెమెరాలో చూశాడు. ఎంత వాకిలి! స్వామిదాసు చెప్పినట్టు అందర్నీ నడుమకు జరిపాడు. అంచు వదిలేసినా, కుడిచేతి పక్క ఇంకో ఇద్దరు దర్జాగా నిలబడేంత చోటు మిగిలింది. అతను ఉబ్బిపోయి తండ్రి దగ్గరికి వెళ్లి, చోటు చాలా ఉందని, అత్తను పిలుస్తానని చెప్పాడు. హనుమాండ్లు నవ్వలేదు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"పొయ్యి కాడ ఉండనియ్. గోడ మీద ఫోటో జూసి వచ్చినోళ్లందరు అడుగుతరు, గీమె ఎవలు, గీడెందుకున్నదని. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది."

ఓహో! ఇన్నేళ్లూ ఇరుకైంది వాకిలీ కాదు, కెమెరా కూడా కాదన్నమాట. సతీశ్‌కు ఒళ్లు మండింది. కానీ బాబాయిలు చూస్తున్నారు, పిల్లలు గోల పెడుతున్నారు, జమ్మికి పొద్దు మించుతోందని ఎవరో కసిరారు. మీట నొక్కితే కాసేపాగి కెమెరా తనంతట తనే తీస్తుంది. నొక్కాడు. పొయ్యి దగ్గరికి ఉరకాల్సిన కాళ్లు తండ్రి పక్కకే ఉరికాయి. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

అందరూ చెప్పులేసుకుంటుండగా గౌరవ్వ పిండి చేతులతో వాకిట్లోకి వచ్చింది. అందరూ పడ్డారా అని అడిగింది. సతీశ్ కెమెరా వెనక బొమ్మ చూపించాడు. ఒక్కొక్కరినీ పేరుపేరునా గుర్తుపట్టి మురిసిపోయింది. పిండి అంటుతుందని వేలు తగలనీయకుండా, కుడిపక్క ఖాళీ దగ్గర ఆపింది.

"గింత జాగ మిగిలిందా? ముందుగాల చెప్తే చేతులు కడుక్కొని రాకపోదునా కొడుకా."

సతీశ్‌కు దొరికిన అబద్ధం ఒక్కటే, అది కూడా స్వామిదాసు దగ్గర లెన్సుతో పాటు తెచ్చుకున్నదే.

"అంచుల నిలబడ్డోళ్ల మొకం సాగుతది అత్తా. గందుకే పిలువలే."

"గట్లనా? మంచిగ జేసినవ్" అని గౌరవ్వ నవ్వింది. "అయితే వచ్చేయేడు నన్ను నడుమ నిలబెట్టు."

నూనె మాడుతోందంటూ లోపలికి పోయింది.