నలభై మూడో పేజీలో తప్పు

మా మేడం పోయారని కృష్ణగిరి నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. "తళిలో, వాళ్ళన్న ఇంట్లోనే అంట. నాలుగు దినాలాయ. మనకు ఎవురూ చెప్పలేదు" అంది. ఎందుకు చెప్తారు? ముఖ్యంగా నాకు?

తొంభైల చివర్లో కృష్ణగిరిలో ఒక ప్రైవేటు కాలేజీలో నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు, ఆమె మాకు క్రిప్టోగ్రఫీ, కోడింగ్ థియరీ చెప్పేవారు. సందేశాన్ని పరాయివాళ్ళకు తెలియకుండా దాచడం, దారిలో చెడిన సందేశాన్ని సరిచేయడం, రెండూ ఒకే పేపరు. లైబ్రరీలో ఉన్న ఒక్క పుస్తకంలో అభ్యాసాలు లేవు. అందుకని ఆమే ప్రతివారం లెక్కలు తయారుచేసి, స్టెన్సిల్ కాపీలు తీసి హోంవర్కుగా పంచేవారు. ఒక్కొక్కరికీ వేర్వేరు ప్రధాన సంఖ్యలు. నాకు పదకొండు, పదమూడు వచ్చాయి. బద్ధకించి పక్కామె నోటు చూసి దింపేశాను.

"నీ నంబర్లు వేరే, ఆమె నంబర్లు వేరే కదమ్మా. ఆమె జవాబు నీకెట్లొచ్చె?" అన్నారు అందరి ముందూ.

సాయంత్రం స్టాఫ్‌రూంలో పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మెట్టు నుంచి చేయించారు. మా ఊరు వేప్పనపల్లి బస్సు పోతుందన్నాను. "పోనీ, ఇంకోటొస్తుంది. యాడ తప్పినావో చూసుకోకుండా లేస్తే రేపు మళ్ళా ఆడనే పడతావు." ఆ బస్సు నిజంగానే పోయింది. రెండో బస్సు వచ్చేదాకా ఆమె నాతోపాటు స్టాండులో నిలబడ్డారు.

రెండో ఏడు మా విభాగాధిపతి మేడం లెక్కల కాగితాలన్నీ నా చేతికిచ్చి కంప్యూటర్లో టైపు చేయమన్నారు. కాలేజీ పిల్లలకోసం కాబోలనుకున్నాను. పుస్తకమై వచ్చాక చూస్తే అట్ట మీద ఆయన పేరొక్కటే. లోపల కృతజ్ఞతల్లో నా పేరుంది. మేడం పేరు ఎక్కడా లేదు.

మేడం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి అడిగారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిపించారు. "టైపు చేసింది నువ్వే కదమ్మా, ఈ లెక్కలు ఎవురు రాసినారు?" గదిలో మేడం, విభాగాధిపతి ఇద్దరూ ఉన్నారు. నా ప్రాజెక్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

"సార్ ఇచ్చినారు సార్. ఎవురు రాసినారో నాకు తెలీదు" అన్నాను.

మేడం నావైపు చూడలేదు. బల్ల మీది కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆమెది టెంపరరీ ఉద్యోగం. మరుసటి ఏడు మళ్ళీ పిలవలేదు.

నేను హోసూరులో లెక్చరర్నయ్యాను. ఆ పుస్తకంతోనే పాఠాలు చెప్పాను. ఐదారేళ్ళకు ధైర్యం చేసి తళిలో మేడం వాళ్ళన్న ఇంటికి వెళ్ళాను. "వచ్చినావా, కూర్చో" అన్నారు. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ మాట ఎత్తొద్దు. నలభై మూడో పేజీ చూసినావా? మాట్రిక్స్‌లో నేను సున్నా పెట్టినచోట నువ్వు ఒకటి కొట్టినావు. రెండు నిలువు వరసలు ఒకటే అయిపోయినాయి. ఇంక తప్పు యాడుందో ఎట్ల తెలుస్తుంది? పిల్లోళ్ళు ఆ లెక్క రాక ఏడస్తా ఉంటారు. దిద్దు."

నేనైతే అది కష్టమైన లెక్కని చెప్పి ఏటా వదిలేసేదాన్ని. ఆమె ఆ పుస్తకం కొని, ప్రతి లెక్కా చేసి చూసుకున్నారన్నమాట. కాఫీ ఇచ్చారు. మళ్ళీ రమ్మనలేదు.

తిరిగొచ్చి క్లాసులో అందరి పుస్తకాల్లో ఆ పేజీ దిద్దించాను. ఆ లెక్కలు ఎవరివో మాత్రం పిల్లలకు చెప్పలేదు. అప్పటికి ఆ విభాగాధిపతి మా సిలబస్ కమిటీలో ఉన్నారు.

మొన్న ఆదివారం తళి పోయాను. ఇంటి ముందు మేడం వదినగారు గులాబీలు కట్టలు కడుతున్నారు.

"మీరు ఎవురమ్మా?"

"ఆమె స్టూడెంట్‌ని."

"స్టూడెంట్లు ఎవురూ రారే. ఎప్పుడో ఒకామె వచ్చి పోయింది. ఆ పొద్దంతా మా ఆడబిడ్డ అన్నం తినలేదు."

అది నేనేనని చెప్పలేకపోయాను. "బస్సుకు ఇంకా టైముందిలేమ్మా, కూర్చో" అన్నారామె. హోసూరు మార్కెట్టుకు సరుకు తీసుకుపోయే టెంపో వచ్చేలోగా పూలన్నీ కట్టాలి. నేనూ గోనెపట్టా మీద కూర్చుని, ఒక్కొక్క కాడా తీసుకుని కింది ఆకులు దూసి ఆమెకు అందిస్తూ పోయాను. "ముండ్లు చూసుకోమ్మా" అంటూ ఆమె నీళ్ళ బకెట్టు నా దగ్గరికి జరిపారు.