ఓబళప్ప అరచేతులు

సర్జాపుర రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో ఓబళప్ప ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు. ఇంజన్ల మోతలో బతికి బతికి అతని చెవులు దాదాపు పోయాయి. ఎడమ చెవి దగ్గర అరిస్తే తప్ప వినపడదు. చప్పుడు వినపడని మెకానిక్ ఏం కనిపెడతాడని కొందరు రావడం మానేశారు. మనసు చివుక్కుమన్నా అతను షెడ్డు మూయలేదు. బండి మీద అరచెయ్యి ఆనించి, అదురును బట్టి జబ్బు పోల్చుకోవడం అలవాటు చేసుకున్నాడు.

మొన్న వానాకాలంలో పశువుల డాక్టరు కిరణ్మయి తన పికప్ తీసుకొచ్చింది. ఈనలేక అల్లాడుతున్న ఆవును చూడటానికి పోతుంటే చెరువు కింద బురదలో బండి దిగబడిందట. నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ వీల్ వేసినా ముందు చక్రాలు కదల్లేదు. దిగి నడిచి వెళ్లేసరికి దూడ చచ్చిపోయింది. ఆవు మాత్రం దక్కింది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, ముందు చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం మార్చాలన్నారు.

"నిజంగా మార్చాల్నా అప్పా?" అని ఆమె అతని చెవి దగ్గర అరిచింది.

"చూడకుండానే ఎట్ల చెప్పేదమ్మా? వయసులో ఉన్నెప్పుడు ఒక రైతు జీపు గేరుబాక్సు తొందరపడి ఇప్పేస్తిని. లోపల అంతా బాగుండాది. తెగింది బయట ఒక వైరు. ఆయప్ప మూడు దినాలు పని చెడగొట్టుకొని నా షెడ్డు కాడే కూసున్యాడు. అప్పట్నుంచీ ఊరికే ఏదీ ఇప్పను."

నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా బండిని స్టాండ్ల మీదికెక్కించాడు. ఇంజను ఆపి ఉండగానే కిందికి దూరి, ట్రాన్స్‌ఫర్ కేసు మీద చెయ్యి పెట్టి, "తాళం తిప్పి ఫోర్ వీల్ వెయ్యమ్మా" అన్నాడు. లోపల మోటారు తిరిగి గేరు పడిన దెబ్బ అరచేతికి తగిలింది. తర్వాత బయటికొచ్చి ఇంజను స్టార్ట్ చేయించి, గేరు వేయించి, దూరంగా కూర్చుని చూశాడు. ముందుకు పోయే పొడుగాటి షాఫ్టు తిరుగుతోంది. ముందు చక్రాలు తిరగడం లేదు.

"కేసు బాగుండాది. శక్తి ముందుదాకా వస్తాండాది. చక్రానికే అందల్యా."

ముందు ఇరుసు మీద, చక్రాన్ని షాఫ్టుతో కలిపే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను గాలిని లాగితేనే అది పనిచేస్తుంది. ఓబళప్ప గేరు తీయించి, ఇంజను నడుస్తుండగానే దాని రబ్బరు గొట్టం ఊడదీసి కొసను వేలితో మూశాడు. లాగడం లేదు. ఇంజను దగ్గర గొట్టం రెండో కొస ఊడదీసి, ఇంజను వైపు మూతికి వేలు ఆనిస్తే గట్టిగా పీల్చింది. ఇక లోపం ఆ రెండింటి నడుమే. గొట్టం వెంబడి చేత్తో తడుముకుంటూ పోయి, బ్యాటరీ వెనకాల ఆగాడు. అక్కడ ఎలుక కొరికిన బెత్తెడు ముక్క చీలికలై ఉంది.

"ఇంతేనా?" అంది కిరణ్మయి. ఆమె ముఖంలో సంతోషం కన్నా కోపమే ఎక్కువ కనిపించింది.

కొత్త గొట్టం వేశాక పక్కనున్న ఖాళీ సైటులోకి బండిని తోలించాడు. మోకాలిలోతు బురద. పికప్ ఒకసారి వణికి, ముందు చక్రాలతో నేలను పట్టి లాక్కుంటూ అవతలి గట్టెక్కింది. కిరణ్మయి ఇంజను ఆపింది. ఓబళప్ప బురదలో నడుచుకుంటూ పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ముందే నీ కాడికి వచ్చింటే ఆ దూడ..." అని ఆగిపోయింది.

ఆమె మాట అతనికి వినపడలేదు. ముఖం చూసి అర్థం చేసుకున్నాడు.

"నెలకొకసారన్నా ఫోర్ వీల్ వేసి నడుపమ్మా. మట్టి దావలోనే, తారు మీద వద్దు. చెడిపోయుంటే ముందే తెలుస్తాది."

ఆమె తలూపింది. ఆ సాయంత్రమే ఆనేకల్ దగ్గర మరో ఆవును చూడాల్సి ఉంది. బండి తిప్పుకొని అటే వెళ్లింది.