నీళ్లిచ్చినోళ్ల విత్తనం

వీపనగండ్ల దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో ఒక విత్తనాల కంపెనీ మంచినీళ్ల ప్లాంటు పెట్టింది. ప్రారంభం రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆడవాళ్లంతా మిషనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఫ్లోరైడు ఉన్న బోరింగు నీళ్లు తాగి తాగి మోకాళ్లు పట్టేసిన చిన్నమ్మ తొలి బిందె నింపుకుని కళ్లు తుడుచుకుంది. కంపెనీవాళ్లు దాన్ని కూడా ఫోటో తీసుకున్నారు.

ఆ వానాకాలం ఊళ్లో చాలామంది ఆ కంపెనీ పత్తి విత్తనాలే కొన్నారు. దుకాణదారు వేరే రకం చూపిస్తే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్లిచ్చినోళ్లయే ఇయ్యన్నా. వేరేటియి నాకొద్దు."

వాన బాగానే పడింది. గట్టు అవతల వేరే కంపెనీ విత్తనం పెట్టినవాళ్ల చేను పచ్చబడింది. చిన్నమ్మ చేలో సాళ్లకు సాళ్లు మొలకే లేదు. కంపెనీ మనిషి వచ్చాడు, చెప్పులకు మట్టి అంటకుండా గట్టు మీదే నిలబడ్డాడు. "మీరు గింజ లోతుగ పెట్టిన్రమ్మా" అని చెప్పి బండెక్కాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సేద్యం చేస్తున్న మనిషికి చెప్పే మాటేనా అది! నాకు ఒళ్లు మండిపోయింది.

"పద చిన్నమ్మా, ఫిర్యాదు చేద్దాం" అన్నాను.

"గట్లంటవేంది బిడ్డా? ఆళ్ల నీళ్లు తాగుకుంట ఆళ్ల మీదనే కాయితం పెట్టాల్నా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు గాదా?"

"నీళ్లు ఊకెనే ఇయ్యలే చిన్నమ్మా. మనసొంటోళ్లు కొంటే వచ్చిన లాభంల కెల్లే గవి పెట్టిన్రు."

"గయన్ని నాకు తెల్వదు."

కంపెనీలు దీనికి సామాజిక బాధ్యత అని పేరు పెట్టుకున్నాయి. నీళ్లిచ్చినందుకు నాకు కోపం లేదు. ఆ నీళ్లతో మా వాళ్ల నోరు కట్టేశారే, అందుకు కోపం. పాలమూరు మనిషి దాహం తీర్చినవాణ్ణి జన్మలో మరిచిపోడు. ఆ సంగతి వాళ్లకు బాగా తెలుసు. అసలు విత్తనాలు అమ్మేవాడి మొదటి బాధ్యత మొలిచే విత్తనం ఇవ్వడం కాదా?

మళ్లీ విత్తడానికి అదను దాటిపోతుంటే గానీ చిన్నమ్మ కదల్లేదు. ఖాళీ ప్యాకెట్లు కొంగున కట్టుకుని నాతో వ్యవసాయాధికారి దగ్గరికి వచ్చింది. వేలిముద్ర వేసేటప్పుడు తలెత్తలేదు. చేను చూడడానికి వస్తానని అధికారి అన్నాడు.

మర్నాడు పొద్దున బిందె పట్టుకుని బయలుదేరింది. ప్లాంటు దగ్గర ఆగలేదు. ఊరి చివర బోరింగు వైపు కుంటుకుంటూ పోతోంది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"ప్లాంటు కాడికి రావద్దని ఎవలన్న అన్నరా?"

"ఎవ్వలు అన్లే బిడ్డా. కాయితం పెట్టినంక ఆ నీళ్లు గొంతుల దిగుతయా?"

మొలవని గింజ అమ్మినవాడికి లేని సిగ్గు, మొలవలేదని చెప్పినందుకు మా చిన్నమ్మకు వచ్చింది. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? ఎంత చెప్పినా వినలేదు. మోకాళ్లను తినేసిన ఆ బోరింగు నీళ్లే ఇప్పటికీ తాగుతోంది.